సున్నా కొస

"దీనికి తారు ఎక్కణ్ణించి అంటింది బావగారూ?"

మరదలు టేపు తెచ్చి కంచం పక్కన పెట్టింది. నోటిదాకా వెళ్లిన ముద్దను పెద్దవాడు మళ్లీ కంచంలోకి దించాడు.

గుడ్డలు కొలిచే టేపు. ఒక కొస జానెడు మేర నల్లబడి ఉంది. మరదలు టైలరు షాపులో పనిచేస్తుంది. పొద్దున ఆ టేపును ఎవరిదో తెల్లచొక్కా మీద పరిచింది. భుజం మీద నల్లచార పడింది. షాపు యజమాని పదిమందిలో పట్టుకుని కడిగేశాడు. అదంతా ఆవిడ చెప్పింది గాని, అడుగుతున్నది చొక్కా గురించి కాదని ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

"రోడ్డు మీది తారు," అన్నాడు పెద్దవాడు.

ఎదురుగా కూర్చున్న ఆవిడ మొగుడు, చిన్నవాడు, తల ఎత్తలేదు.

"కొలిచావా అన్నయ్యా?"

"తెల్లారకముందే వెళ్లాను. బండ్లు లేని వేళ చూసి."

"ఎంతుంది?"

"వేసినవాడివి నువ్వు. నన్నడుగుతావేం?"

చిన్నవాడు లేచాడు. చెయ్యి కడుక్కోలేదు. పెరటి గుమ్మం దాకా వెళ్లి అక్కడ ఆగిపోయాడు. అంతకంటే దూరం పోవడానికి ఆ ఇంట్లో చోటు లేదు.

పెద్దవాడు ఆసుపత్రి శవాల బండి నడుపుతాడు. మార్చురీ వాళ్లు అతనికి 'నిదానం' అని పేరు పెట్టారు. వెనక పడుకున్నవాడికి కుదుపు తగిలితే లేచి తిడతాడేమో అన్నట్టు నడుపుతాడు. నిరుడు భార్య పోతే ఆవిణ్ణి కూడా ఆ బండిలోనే, ఆ వేగంతోనే తీసుకెళ్లాడు. ఇంకో డ్రైవరును పంపుతామన్నారు. అక్కర్లేదన్నాడు.

అలాంటివాడికి వేగం చలానా. ఒకటి కాదు, మూడు. మూడూ వంతెన దిగువనున్న ఒకే కెమెరా తీసినవి. అక్కడ యాభై దాటకూడదు. మూడింట్లోనూ యాభై అయిదు అనే ఉంది. మూడోదాంతో లైసెన్సు రద్దవుతుంది. మార్చురీ వాకిట్లో ఒకటే నవ్వులు. పోయినవాడికి ఎక్కడ ఆలస్యమవుతోందని నిదానం తొక్కేశాడురా అని ఒకడన్నాడు. వెనకున్నవాడే లేచొచ్చి నడిపాడేమో ఫొటోలో చూడండని ఇంకొకడన్నాడు.

పెద్దవాడు నవ్వలేదు, కోప్పడలేదు. ఆలోచించాడు. వంతెన దిగాక అతని మీటరు ముల్లు ఎప్పుడూ యాభైకి వెంట్రుకవాసి కిందనే ఉంటుంది. తప్పు చేసేవాడు ఒకసారి అరవైలో దొరుకుతాడు, ఒకసారి డెబ్భైలో దొరుకుతాడు. మూడుసార్లూ ఒకే అంకెలో దొరికాడంటే, అతను మారలేదు. రోడ్డు మారింది.

ఆ కెమెరా పద్ధతి పసిపిల్లాడికైనా అర్థమవుతుంది. రెండు ఫొటోలు తీస్తుంది. ఆ రెండు ఫొటోల మధ్య బండి రోడ్డు మీది తెల్లగీతలు ఎన్ని దాటిందో దాన్నిబట్టి వేగం కడుతుంది. గీతకీ గీతకీ మధ్య రెండు మీటర్లు ఉండాలి. గీతలు దగ్గర దగ్గరగా పడితే నిదానంగా వెళ్లిన బండి కూడా ఎక్కువ గీతలు దాటుతుంది. నిదానంగా వెళ్లినవాడు దొంగవుతాడు.

వానలు వెలిశాక అక్కడ కొత్త తారు పోశారు. గీతలు మళ్లీ వేశారు. వేసింది చిన్నవాడి ముఠా.

ఇనుప టేపు రోడ్డు మీద పరిస్తే లారీ ఎక్కి తుంచేస్తుంది. అందుకని ముఠావాళ్లు నూలుతాడు ఒకటి రెండు మీటర్లకు కోసి, అటో ముడి ఇటో ముడి వేసి పెట్టుకుంటారు. చెరో ముడి ఇద్దరు పట్టుకుంటే పని గబగబా సాగుతుంది. ఆ తాడు ఒక రాత్రంతా బయట అకాలవానలో పడి ఉంది. తడిసిన తాడు కురచవుతుంది. మర్నాడు ఎండ కాసింది. చిన్నవాడు ఆ తాడే పట్టుకుని గుర్తులు పెట్టించాడు. మళ్లీ కొలిచి చూసుకోలేదు.

ఇది ఎవరో పట్టించిన సంగతి కాదు. చిన్నవాడి నోటివెంటే వచ్చింది. పెరట్లో బట్టలు ఆరేసే తాడు వానకు బిగిసి గోడలోంచి మేకును పెరుక్కొచ్చిన పూట, మా కొలతతాడూ ఇంతే అన్నయ్యా, తడిస్తే ముడుచుకుని కూర్చుంటుంది, కొత్త కోడలు అలిగినట్టు, అని నవ్వాడు. అప్పుడు ముగ్గురూ నవ్వారు. మూడో చలానా వచ్చాక పెద్దవాడికి ఆ నవ్వు గుర్తొచ్చింది.

అధికారి దగ్గరికి వెళ్లి గీతలు కొలిపించమని అడిగాడు. తాడు మాట చెప్పలేదు. అధికారి వింతగా చూశాడు. అడగడం నీ హక్కు, కొలిపిస్తానన్నాడు. రేపే కొలుస్తారు.

మరదలు టేపును చుట్టి చేతిలో పట్టుకుంది.

"వెళ్లకండి బావగారూ. లైసెన్సు పోతే పోనివ్వండి. మీకు రెండుపూటలా పెట్టలేనంత గతిలేకుండా ఉన్నామా?"

"పెడతావమ్మా. కొన్నాళ్లు పెడతావు. ఆ తర్వాత కంచం కింద పెట్టేటప్పుడు చప్పుడు మారుతుంది."

"మారిన రోజున అందురుగాని. వండకముందే ఉప్పెక్కువైందంటే ఎలా?"

పెద్దవాడు కంచంలో ముద్దను అటూ ఇటూ జరిపాడు. ఆవిడది చెడ్డ మనసు కాదు. కాని భార్య పోయినవాడికి ఇంట్లో స్థలముంటుంది గాని స్థానముండదు. బండి ఎక్కి కూర్చుంటేనే అతను ఎవరో ఒకడు. దిగితే మంచం పట్టని ముసలివాడు. ఈ మాట ఆవిడతో అనలేడు. అంటే ఏడుస్తుంది. ఏడిస్తే తను ఓడిపోతాడు.

అందుకని తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. ముఠాకి పెద్దవై మూడునాళ్లు కాలేదు, ఆ కుర్చీ కోసం అన్న చేతులు విరగ్గొడతావా అన్నాడు. నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులురా అన్నాడు. ఈ మాట అతను ఏడాదికొకసారి వాడతాడు. ప్రతిసారీ పనిచేసింది.

ఈసారి చిన్నవాడు వెనక్కి తిరిగాడు.

"ఉద్యోగం కోసమనుకుంటున్నావా?"

"మరి దేనికోసం?"

"పాలవ్యాను మనిషి కోసం."

పెద్దవాడు కంచం పక్కకు నెట్టాడు.

మూడో చలానా పడిన రోజున శవాల బండిలో ఉన్నది ఆ పాలవ్యాను డ్రైవరే. అతని లైసెన్సు కూడా ఆ కెమెరాకే పోయింది. బండి పోయాక రాళ్ల క్వారీలో కూలికి వెళ్లాడు. అలవాటులేని పని. బండ దొర్లి మీద పడింది. అతని భార్య పెద్దవాడి పక్కసీట్లో కూర్చుని వచ్చింది. వంతెన దిగుతుంటే కెమెరా కంబాన్ని చూపించి, మా ఆయన్ని తిన్నది బండ కాదన్నా, అదుగో ఆ కంబం, అంది.

"ఆ మాట నువ్వే ఇంటికి మోసుకొచ్చావు," అన్నాడు చిన్నవాడు. "నేను తింటుంటే చెప్పావు. పాపం అన్నావు. నేనూ పాపం అన్నాను. తర్వాత రాత్రి తాడు గుర్తొచ్చింది. అప్పణ్ణించి నాకు ముద్ద దిగుతోందా అని నువ్వు ఒక్కసారైనా చూశావా?"

పెద్దవాడు చూడలేదు. తన చలానా తప్ప అతనికి ఈ మధ్య ఏదీ కనబడలేదు.

"గీతలు తప్పని తేలితే నీ లైసెన్సు నీకొస్తుంది. మరి ఆవిడ మొగుడు? అతన్నెవరు తెచ్చిస్తారు? నేనా?"

"నువ్వు కావాలని చేశావా?"

"కావాలని చెయ్యలేదని ఎవరికి చెప్పను? బండకా?"

మరదలు గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆవిడకి ఈ సంగతి కొత్త. మొగుడు ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నది ముఠా పెద్దరికం పోతుందన్న భయమనే ఆవిడా అనుకుంది.

"వదినుంటే నిన్ను రేపు వెళ్లనిచ్చేది కాదు," అన్నాడు చిన్నవాడు.

"ఉంటే నీ చెంప పగలగొట్టి నిజం చెప్పించేది."

చచ్చినవాళ్లతో సుఖమేమిటంటే, ఎవరు పిలిస్తే వాళ్ల పక్షాన సాక్ష్యానికి వస్తారు. అన్నదమ్ములిద్దరూ ఆవిణ్ణి కాసేపు అటూ ఇటూ లాగి, అలిసిపోయి వదిలేశారు.

చివరికి పెద్దవాడు చెయ్యి కడుక్కుని వచ్చి ఒకటే మాట చెప్పాడు.

"తాడు సంగతి నా నోట రాదు. ఒట్టు. కొలవమన్నాను. కొలిస్తే ఏముంటే అదుంటుంది."

"రేపు టేపు సున్నా కొస పట్టుకునేది నేనే," అన్నాడు చిన్నవాడు. "గీతలు వేసినవాళ్లే కొలిచి చూపించాలట. కాంట్రాక్టరు నన్నే పొమ్మన్నాడు."

"పట్టుకో."

 మరదలు తారు అంటిన టేపును ఉతకడానికి తీసుకుపోయింది. ఎంత రుద్దినా పోలేదు.

* * *

వంతెన దిగువన ఒక వరస ఆపేశారు. పోలీసు ఒకడు చెయ్యి అడ్డంపెట్టి బండ్లను పక్కకు తోలుతున్నాడు. పోయే ప్రతి బండీ కొంచెం ఆగి, ఎవరు పోయారో అన్నట్టు తొంగిచూసి వెళ్తోంది.

అధికారి గొడుగు కింద నిలబడ్డాడు. అతనితో గుమాస్తా ఒకడు వచ్చాడు. చిన్నవాడు ముందే వచ్చి ఉన్నాడు. మెరిసే పట్టీల చొక్కా, మందపాటి బూట్లు, చేతిలో ఇనుప టేపు. అన్నను చూసి తల తిప్పుకున్నాడు. వీళ్లిద్దరూ అన్నదమ్ములని అధికారికి తెలియదు. ఇద్దరూ చెప్పలేదు.

పెద్దవాడు అనుకోనిది ఒకటి జరిగింది. కంబం నీడలో పాలవ్యాను మనిషి భార్య నిలబడి ఉంది.

తప్పు పెద్దవాడిదే. మూడో చలానా రోజున పక్కన ఎవరున్నారని మొదట్లో అడిగితే, ఆవిడ ఉందని చెప్పాడు. చెప్పి మరచిపోయాడు. ఆఫీసువాళ్లు మరచిపోలేదు. కబురుపెట్టి పిలిపించారు.

అధికారి ఆవిణ్ణి అడగాల్సింది అడిగాడు. ఆరోజు బండి ఎలా నడిపాడని. నిదానంగానే నడిపాడని, ఎండ ముదురుతోంది, ఇంకాస్త త్వరగా పొమ్మని తనే రెండుసార్లు బతిమాలిందని, అయినా అతను వినలేదని చెప్పింది.

"మీటరు ముల్లు చూశావా అమ్మా?"

"చూళ్లేదు బాబూ. ఈయన మొహం చూశాను. తొందరపడే మొహం కాదు."

గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు. మొహాలు సాక్ష్యానికి పనికిరావమ్మా అన్నాడు అధికారి. మెత్తగానే అన్నాడు.

ఆవిడ పెద్దవాడి దగ్గరికొచ్చింది. మనిషి చిక్కిపోయింది. క్వారీలో మొగుడి చోటు ఆవిడకే ఇచ్చారట. అది ఉపకారమని అందరూ అంటున్నారట.

"మీ ఒక్కరికోసమే రాలేదన్నా. నాకూ తెలుసుకోవాలని ఉంది. అంత వేగం పోలేదని మా ఆయన ఒట్టేసి చెప్పాడు. నేను నమ్మలేదు. ఫొటో అబద్ధమాడుతుందా, నువ్వాడుతున్నావా అన్నాను. పిల్లల ముందే అన్నాను. క్వారీకి పోయిన రోజు కూడా ఆ మాటే అన్నాను." ఆవిడ గీతలవంక చూసింది. "ఇవాళ తేలిపోతుందిగా. అబద్ధమాడింది ఎవరో."

 పది అడుగుల దూరంలో టేపు విప్పుతున్న చిన్నవాడి చేతులు ఆగాయి. మళ్లీ విప్పడం మొదలుపెట్టాయి.

నడుమనున్న రెండు గీతలు ఎంచుకున్నాడు అధికారి. ఏవైనా ఒకటే అన్నాడు. ఒకే చేత్తో వేసినవి గదా.

చిన్నవాడు టేపు కొసను గీత దగ్గర నేలమీద పెట్టి బూటు కింద తొక్కిపట్టాడు. రోడ్డు పనివాళ్లు సున్నా కొసను చేత్తో పట్టరు. వంగితే వెనకనుంచి వచ్చే బండి కనబడదు. అది అందరూ ఎరిగిన పద్ధతి. ఎవరికీ అనుమానం రాలేదు. గుమాస్తా రెండో కొస పట్టుకుని తరవాతి గీత దాకా నడిచాడు. టేపు బిగిసింది.

"ఎంత?" అన్నాడు అధికారి.

"రెండు మీటర్లండి. సరిగ్గా."

పెద్దవాడు నమ్మలేదు. నిన్న తెల్లవారుజామున తన చేతులతో కొలిచాడు. జానెడు తక్కువుంది. టేపుకి అంటిన తారే సాక్షి. రాత్రికి రాత్రి గీత నడిచిపోదు.

తమ్ముడి కాళ్లవంక చూశాడు.

బూటు మొన గీత మీద ఉంది. టేపు బూటు కిందికి వెళ్లింది, మొన దగ్గర ఆగలేదు. సున్నా మడమ కింద ఉంది. మొనకీ మడమకీ మధ్య ఎంతుందో, గీతకీ గీతకీ మధ్య అంత తక్కువుంది.

చిన్నవాడు చిన్నప్పణ్ణించీ అబద్ధం చేతకానివాడు. మొహం చూడగానే తెలిసిపోయేది. వదిన ఇట్టే పట్టేసేది. ఇవాళ మొహంలో ఏమీ లేదు. ఉన్నదంతా కాలి కింద పెట్టాడు.

అధికారి గొడుగు మూశాడు. గీతలు సరిగ్గానే ఉన్నాయని, కెమెరాను అనుమానించడం తేలికని, ముల్లును గమనించుకోవడమే కష్టమని చెప్పాడు. చెడ్డవాడు కాదు. కళ్ల ముందు కొలిచి చూపించిన మనిషి చెప్పాల్సిందే చెప్పాడు. వయసులో పెద్దవాడివి, ఇన్నేళ్లు నడిపావు, ఇక విశ్రాంతి అనుకో, అని కూడా అన్నాడు.

పెద్దవాడి లోపల ఒక తలుపు మూతపడింది. మూతపడనీ అనుకున్నాడు. తను ఊరుకుంటే లైసెన్సు పోతుంది. అంతేగా. పోయేదెవరికి? పెళ్లాంలేనివాడికి, పిల్లల్లేనివాడికి. మరదలి కంచం చప్పుడు ఎలా మారినా, చెవులు మూసుకుని తింటే సరిపోతుంది. తమ్ముడి మెడకు ఒక చావు చుట్టుకోకుండా ఉంటుంది. ఎత్తుకుని పెంచినవాడు ఆ మాత్రం ఎత్తలేడా.

అధికారి, నీకింకా అభ్యంతరమేమైనా ఉందా అని అడిగాడు.

లేదనబోయాడు.

"అయితే మా ఆయనే అబద్ధమాడాడన్నమాట."

పాలవ్యాను మనిషి భార్య ఎవరితోనూ అనలేదు. గీతతో అంది. ఏడవలేదు. ఒక బరువు దింపి ఇంకో బరువు ఎత్తుకున్నట్టు కొంగు భుజాన వేసుకుంది.

"ఎంత ఒట్టేశాడు మనిషి," అంది. "పిల్లల తలమీద చెయ్యిపెట్టి మరీ."

వెళ్లడానికి తిరిగింది.

పెద్దవాడు ఎంతోమందిని మోశాడు. మోసేటప్పుడు ఒకటే నియమం పెట్టుకున్నాడు. వెనక పడుకున్నవాడు ఇక నోరు తెరవలేడు, కాబట్టి వాడికి దెబ్బ తగలకుండా చూడాల్సింది తనే. ఆ మనిషిని అంత నిదానంగా తెచ్చింది ఇక్కడ, ఈ రోడ్డు మీద, పెళ్లాం చేత అబద్ధాలకోరు అనిపించడానికా?

"అభ్యంతరముందండి," అన్నాడు.

చిన్నవాడు తలెత్తాడు. అంతసేపట్లో అన్న కళ్లలోకి చూడడం అదే మొదలు.

"మళ్లీ కొలవండి. ఈసారి సున్నా కొస నేను పట్టుకుంటాను."

అధికారి విసుక్కున్నాడు. గుమాస్తా టేపు వదలబోయి మళ్లీ పట్టుకున్నాడు. వెళ్లిపోతున్న ఆవిడ ఆగి వెనక్కి చూసింది.

పెద్దవాడు నడిచి వెళ్లి తమ్ముడి ముందు వంగాడు. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు వాడి చెప్పుల పట్టీలు పెట్టడానికి ఇలాగే వంగేవాడు.

"అన్నయ్యా," అన్నాడు చిన్నవాడు. పైకి వినబడకుండా. "ఆవిడ చూస్తోంది."

"అందుకే."

"ఒట్టేశావు నిన్న."

"తాడు మాట ఎత్తానా?"

పెద్దవాడు చెయ్యి చాపి బూటు మడమ మీద వేశాడు. లోపల కాలు ఇంకా గట్టిగా నేలకు నొక్కుకుంది. 

"తియ్యరా," అన్నాడు.

బూటు కదల్లేదు.